దావీదు బిడ్డ

ఏళ్ళ తరబడి ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగుడు పడదు, కక్కుదామంటే రాదు. నీకు చెబుతున్నాను. విన్నాక నా మొహాన ఉమ్మేసినా సరే.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. జమ్మలమడుగులో నేనూ ప్రకాశమూ ఒకే బడిలో అయ్యవార్లం. సాయంత్రాలు పెన్న ఇసుకలో కూర్చుని బైబిలు చదువుకునేవాళ్ళం. ఒకరోజు దావీదు కథ వచ్చింది. పరాయివాడి పెళ్ళాన్ని తెచ్చుకున్నది రాజు, ఆమె మొగుణ్ణి చంపించింది రాజు. దేవుడి శిక్షకు చచ్చింది మాత్రం వాళ్ళకు పుట్టిన పొత్తిళ్ళలోని బిడ్డ. ఇదేం న్యాయమని అడిగింది నేను. ప్రకాశం తనకూ తెలియదన్నాడు. తెలియదని ఒప్పుకోవడానికి ఆ మనిషికి సిగ్గుండేది కాదు.

అదే ప్రశ్న అతను చర్చి సంఘంలో అడిగాడు. పాస్టరు అయ్యగారికి కోపం వచ్చి అతనికి ప్రభువు బల్ల ఆపేశారు. ఆరాధనలో అందరికీ ఆ బల్ల మీది రొట్టె, ద్రాక్షరసం అందుతుంటే అతను వెనక తలవంచుకుని కూర్చునేవాడు. నేను ముందు వరుసలో చెయ్యి చాపి తీసుకునేవాణ్ణి. ఈ గొంతులో అదెలా దిగిందో!

ఆ ఎండాకాలమే అతని పాప వాంతులు పట్టుకుని పోయింది. బల్లలో లేనివాడి బిడ్డను మట్టి చేయడానికి అయ్యగారు రానన్నారు, నన్ను పంపారు. నన్ను సంఘపెద్దను చేస్తారన్న మాట అప్పటికే నా చెవిన పడింది. గుంత దగ్గర పెద్దలు నా వైపే చూస్తున్నారు. నేనేం చెప్పానో తెలుసా? దావీదు బిడ్డ కథే చెప్పాను. తండ్రి నోటి తప్పును బిడ్డ మోసిందన్నాను. నమ్మి అన్నానా? లేదు. భయపడి అన్నానా? అదీ పూర్తిగా నిజం కాదు. అంటున్నప్పుడు నా గొంతు బాగా పలుకుతోందని, పెద్దలు తలలూపుతున్నారని లోలోపల మురిసిపోయాను. ఛీ! ఈనాటికీ నన్ను వదలనిది ఆ మురిపెమే.

ప్రకాశం అరవలేదు. మన్ను చేతులతోనే నా దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు.

"ఆ పొద్దు ఇసకలో ఈ మాట మొదట అడిగింది నువ్వే గదప్పా?"

"యాడప్పా, నాకు గుర్తు లేదే."

అతను భార్యను తీసుకుని లింగాల వైపు వెళ్ళిపోయాడు. మళ్ళీ ఏ గుడి మెట్టూ ఎక్కలేదట. నేను సంఘపెద్దనయ్యాను. మొన్న అతను పోయాడని తెలిసింది. క్షమించమని అడగడానికి మనిషి లేడు, ఉన్నా అడిగే మొహం నాకు లేదు.

మొదట అడిగింది నేనే, ప్రకాశం. నాకు గుర్తుంది. గుంత దగ్గర నువ్వడిగిన ఆ పొద్దూ గుర్తుంది.