మడిచిన వేలు

ఈ ఏడు మా ఆనపపాదుకు పదకొండు పిందెలు పట్టాయి. పదకొండూ కుళ్ళి రాలిపోయాయి. ఒక్కోటి రాలినప్పుడల్లా మా అత్తగారి గొంతు చెవి పక్కనే వినబడుతోంది. ఆవిడ పోయి మూడేళ్ళు దాటింది.

కొవ్వూరులో మా ఇల్లు పల్లంలో ఉంది. వానలు పడితే పెరడంతా బురదే, నేలలో ఏం వేసినా వేరు కుళ్ళి చస్తుంది. విసిగిపోయి, ఇటుకలు మోకాలెత్తు పేర్పించి నాలుగు మడులు కట్టించాను. ఒండ్రుమట్టి, పశువుల ఎరువు కలిపి నింపించాను. బెండ, వంగ, గోంగూర ఏ పేచీ లేకుండా వచ్చాయి. ఆనపే నా ప్రాణం తోడేసింది.

అత్తగారు ఉన్నప్పుడు, పిందెను ఎవరికైనా చూపించాలంటే చూపుడువేలు మడిచి కణుపుతో చూపించేవారు. "వేలు చాపకమ్మాయ్, పిందె కుళ్ళిపోద్ది" అని నన్నూ కసిరేవారు. నేను బోటనీ చదివినదాన్ని కదా, లోలోపల నవ్వుకునేదాన్ని.

నా మొదటి కడుపు ఐదో నెలలో ఉండగా మా ఆడపడుచు చూడ్డానికొచ్చింది. అత్తగారు సంబరం పట్టలేక నా పొట్ట వైపు వేలు చాపి, "చూశావుటే, అప్పుడే ఎలా కనబడతందో!" అన్నారు. నాలుగో రోజున కడుపు పోయింది. ఇది ఎవరి తప్పూ కాదమ్మా అంది డాక్టరమ్మ. నాకేమో ఎవరిదో ఒకరి తప్పు కావాలి. ఇంటికొచ్చి గుమ్మంలోనే, అందరి ముందూ అరిచాను.

"పిందెకి మడిచే వేలు, నా కడుపుకి ఎందుకు మడవలేదండీ?"

చదివిన బోటనీ ఏ గంగలో కలిసిందో ఆ పూట. ఆవిడ తన చూపుడువేలు వైపు ఓసారి చూసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయారు. తిరిగి నాలుగు తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత ఆవిడ దేనికీ వేలు చాపలేదు. వచ్చే బస్సుకీ, చందమామకీ, తర్వాత పుట్టిన నా కూతురికీ మడిచిన వేలే. నేను చూస్తూనే ఉన్నాను. తప్పయిపోయింది అత్తయ్యగారూ అనే మాట ఎన్నిసార్లో నోటిదాకా వచ్చింది, పొగరు అడ్డొచ్చింది. అలాగే ఇరవై రెండేళ్ళు గడిపేశాను, సిగ్గులేనిదాన్ని.

చివరి రోజుల్లో రాజమండ్రి ఆసుపత్రిలో ఆవిడకు మాట పడిపోయింది. మంచం పక్కన బల్ల మీద ఇంటి నుంచి తెచ్చిన స్టీలు గ్లాసు, కళ్ళజోడు, విసనకర్ర ఉన్నాయి. ఆవిడకు వాటిలో ఏదో కావాలి. మడిచిన వేలు గాలిలో వణుకుతోంది కానీ, దేని వైపో తెలియడం లేదు.

"వేలు చాపి చూపించండి అత్తయ్యగారూ" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూశారు. వద్దన్నట్టు తల ఊపి, చెయ్యి దుప్పటి లోపలికి తీసేసుకున్నారు. తెల్లవారకముందే పోయారు.

ఈ పాదుకు మాత్రం ఎవరూ వేలు చూపించలేదు. చూపించనిచ్చానా నేను! పనిమనిషిని కూడా ఆ దాపులకు రానివ్వలేదు. అయినా పదకొండూ పోయాయి. ఉండబట్టలేక నర్సరీ ఆయన్ని అడిగాను.

"ఆయ్, వేలుతో ఏం పనండీ! సాయంత్రంపూట పురుగులు తిరక్కపోతే మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకి అందదండి. అందని పిందె కుళ్ళిపోద్దంతే. మీరే ఓ మగపువ్వు తుంపి రాసెయ్యండి."

ఇదే ప్రశ్నకు పరీక్షలో జవాబు రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను. ఇంటికొచ్చి మడి గట్టు మీద కూలబడి ఏడ్చాను.

ఆ సాయంత్రమే మగపువ్వు తుంపి, కొత్తగా పట్టిన పన్నెండో పిందె కొసనున్న పువ్వుకు రాశాను. తర్వాత చూపుడువేలు తిన్నగా చాపి, ఆ పిందెకే చూపించాను. మర్నాడూ చూపించాను. రోజూ చూపించాను. అది రాలలేదు, మోచేతి పొడవున కాయ అయింది.

"చూడండి అత్తయ్యగారూ, ఏం కాలేదు" అన్నాను పైకే. పెరట్లో ఎవరూ లేరు.

కాయ కొయ్యడానికి చేతులు రాలేదు. లోపలికెళ్ళి ఆ స్టీలు గ్లాసు వెతికి తీశాను. నిండా నీళ్ళు పోసి తెచ్చి, పాదు మొదట్లో పెట్టాను. ఆవిడ ఆ రోజు అడిగింది మంచినీళ్ళేనేమో.