గుమాస్తా ఇచ్చిన రజా

సూరత్‌లో రజా అంటే సెలవు. డిండోలిలో కాపురం పెట్టిన కొత్తలోనే మాకు పట్టుబడిన గుజరాతీ మాట అది. హోలీకి రజా, కరెంటు పోతే రజా, సేఠ్ ఇంట్లో పెళ్లయితే రజా. ఆ రోజు మా ఆయన మధ్యాహ్నం దాకా ముసుగు తీసేవాడు కాదు. నేను సణుగుతూనే ఒక కూర ఎక్కువ వండేదాన్ని.

కరోనా ఏడాది లాక్‌డౌన్ ఎత్తేశాక, మా ఆయన పనిచేసే పవర్‌లూమ్ షెడ్డులో మగ్గాలు పట్టుమని పది రోజులు ఆడకముందే మళ్లీ ఆగాయి. ఈసారి ఆపింది పోలీసులు కాదు. నూలు లేదు. నూలు తీసే ఫ్యాక్టరీకి ముడిసరుకు ఏదో దేశం నుంచి ఓడలో రావాలట, ఆ ఓడ ఏ రేవులోనో నిలిచిపోయిందట. ఎక్కడో ఓడ ఆగితే ఇక్కడ మా పొయ్యి ఆరిపోవడమేమిటో నాకు ఎంత చెప్పినా ఎక్కలేదు. ఒళ్లు మండేది. ఎవరి మీద అరవాలో తెలిసేది కాదు.

ఆ సాయంత్రం మా ఆయన నవ్వు ముఖంతో వచ్చాడు.

"మిగిలినోళ్లను మిషన్లు తుడువ రమ్మన్నడు గుమాస్తా. నాకు మాత్రం రజా ఇచ్చిండు. గిన్నేండ్లు జేసిన గదా, జర ఇజ్జత్ ఇచ్చిండు."

"మల్ల ఎప్పుడు రమ్మన్నడు?"

"నూలు రాంగనే పిలుస్తడు తియ్యి."

"పిలుస్తనన్నడా, నువ్వే అనుకుంటున్నవా?"

"నీకన్నీ అనుమానాలే" అని విసుక్కున్నాడు.

పక్క గదిలోని సిరిసిల్ల వాళ్లు ఊరికి వ్యాను మాట్లాడుకుని మాకూ చోటు ఉంచారు. "మాది రజానే, పని పోలే" అని ఈయన వద్దన్నాడు. సామాను ఎక్కిస్తున్న వాళ్లను చూసి జాలి కూడా పడ్డాడు.

తర్వాత రోజూ పొద్దున్నే గడ్డం గీసుకుని, ఫోను ఎదురుగా పెట్టుకుని కూర్చునేవాడు. డబ్బాలో బియ్యం అడుగంటాయి. నాకు భయం పట్టుకుంది. ఆయన ముందు ఆ మాట అనలేక కోపం గిన్నెల మీద చూపించేదాన్ని.

ఒకరోజు ఉధనా వైపు కూరగాయలకు వెళ్లి వస్తుంటే సందు మొదట్లోనే మగ్గాల చప్పుడు వినిపించింది. మా షెడ్డే. లోపల సగం మగ్గాలు ఆడుతున్నాయి. ఈయన మగ్గాల దగ్గర ఇంకొకతను నిలబడి ఉన్నాడు.

"మా ఆయన రజా ఇంకా అయిపోలేదా భాయ్?" అని గుమాస్తాను హిందీలో అడిగాను.

గుమాస్తా నన్ను వింతగా చూశాడు. తర్వాత గొంతు తగ్గించి విడమరిచి చెప్పాడు. షెడ్డుకు రజా అయితే సెలవు. మనిషికి రజా ఇచ్చేశారంటే ఆ మనిషి ఇక పనికి రానక్కర్లేదని. పనిలోంచి తీసేశామని మొహం మీద అనలేక అలా మర్యాదగా అంటారట.

"మీ ఆయనకు ఆ రోజే చెప్పాను కదా, బహెన్" అన్నాడు.

తిట్లు నోటిదాకా వచ్చాయి. ఆయన తల వంచుకున్నాడు. కూరగాయల సంచీ ఎత్తుకుని వచ్చేశాను. దారంతా ఏడుపు ఆగలేదు.

ఇంటి ముందు కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లాను. నా ముఖం కూడా చూడకుండానే అడిగాడు.

"అటు దిక్కు వోయినవా? నూలొచ్చిందా?"

"ఒచ్చింది" అన్నాను.

మిగతాది చెప్పేలోపే లేచి చొక్కా తొడుక్కున్నాడు. టిఫిన్ కట్టమన్నాడు.