లకుముకి గట్టు

గోదావరికి వరద వచ్చినప్పుడు లంక విరగదు. తీసినప్పుడు విరుగుతుంది. నీళ్లలో నానిన గట్టు ఆ నీటి ఆసరా పోగానే పెళ్లలు పెళ్లలుగా జారిపోతుంది. సాలమోను వాళ్ల తాత పొలం అలాగే పోయింది, పాత చర్చీ అలాగే పోయింది. ఈ ఏడాది వంతు సమాధుల తోటది. అందులో సాలమోను భార్య నాగమణి సమాధి గట్టు అంచుకి బారెడు దూరంలో ఉంది.

"రేపు ఆదివారం ప్రార్థనవ్వగానే తవ్వేసి, అక్కని అవతలొడ్డున పూడ్చుదాం బావా," అన్నాడు బావమరిది కృపారావు. చచ్చినవాళ్లని రెండోసారి మొయ్యడం లంకవాళ్లకి కొత్తేం కాదు.

"ఇయ్యాలే తవ్వితే బాగుణ్ణురా."

"దసరా సెలవులాయె, ఇయ్యాల నీ పడవకి ఖాళీ ఏదీ?"

అదీ నిజమే. కొత్తగా విరిగి నిటారుగా నిలిచిన గట్టంటే లకుముకి పిట్టలకి ఇష్టం. మెత్తటి ఒండ్రులో బొరియలు తొలిచి గుడ్లు పెడతాయి. అది కనిపెట్టిన రిసార్టువాళ్లు ఆ చోటుకి కింగ్‌ఫిషర్ పాయింట్ అని బోర్డు రాయించారు. సమాధుల తోట అని రాస్తే ఎవడొస్తాడు? ఇంజను పడవలో అతిథుల్ని అక్కడికి తిప్పడం సాలమోను పని. తన పడవ లేపే అలే గట్టు అడుగుని కొరుకుతోందని అతనికి తెలుసు.

ఆ శనివారం హైదరాబాదు నుంచి సోమేశ్వరరావు, అతని భార్య అనిత వచ్చారు. పొద్దున్నే ర్యాలి గుడి చూశారు, ఆత్రేయపురంలో పూతరేకులు తిన్నారు. ఇక పిట్టలు మిగిలాయి. సాలమోను దూరంగానే ఇంజను ఆపి, వెదురు గెడ గుచ్చి పడవ నిలిపాడు.

"ఇక్కణ్ణించి బాగా అవుపడతాయండి."

"చుక్కల్లా ఉన్నాయయ్యా. దగ్గరికి పోనీ."

"గట్టు నానిపోయుందండీ."

"మేమేం దానిమీద కాపురం పెట్టం కదా," అని నవ్వి, సోమేశ్వరరావు రిసార్టు మేనేజరు బుజ్జిబాబుకి ఫోన్ కలిపి సాలమోను చేతికిచ్చాడు.

"ఏం సాలమోనూ, మీ లంకలో పడవ నడిపేవాళ్లు ఇంకెవరూ లేరనుకుంటున్నావా?"

భార్య సమాధి ఉందని చెప్పొచ్చు. చెబితే అదీ చూపించమంటారు.

"ఆయ్, తీసుకెళ్తానండి."

వెళ్లేటప్పుడు ఇంజను సన్నగానే తిప్పాడు. అనిత తీరిగ్గా వీడియో తీసుకుంది. తిరిగేటప్పుడు మాత్రం ఏటివాలు పడవని గట్టుకే నెట్టింది. ఇంజను గట్టిగా ఇవ్వక తప్పలేదు. వెనకాల అల వెళ్లి కొట్టింది. పిట్టలన్నీ ఒక్కసారి లేచాయి. తాటిచెట్టంత పెళ్ల కిందికి కూర్చుంది. నాగమణి సమాధికి సాలమోను స్వయంగా పోతపోసిన సిమెంటు సిలువ ఒక పక్కకి ఒరిగి, నీళ్లలో పడి, పైకి మళ్లీ రాలేదు.

"అయ్యో, గూళ్లు పోయాయి. గుడ్లున్నాయేమో పాపం," అంది అనిత. ఆమె కళ్లు నిజంగానే చెమర్చాయి.

"ఆయ్. పోయాయండి."

రేవులో కృపారావు కొత్తపేట నుంచి అప్పుడే దిగాడు. ఎముకలు మూటగట్టడానికి తెల్లగుడ్డ తెచ్చాడు. "చాలుద్దా బావా?"

"అక్కర్లేదురా. మీ అక్క ఏట్లో కలిసిపోయింది."

సాలమోను కృపారావు చేతిలోంచి గుడ్డ తీసుకుని, పడవలో తడిసిన సీట్లు ఒక్కొక్కటీ తుడవడం మొదలుపెట్టాడు. పొద్దున్నకి వేరే గెస్టులున్నారు.