మామిడి అంట్లకు పాలిస్టర్ దారం

మా ఆయన పోయిన రెండో వానాకాలం, కోరుట్ల దగ్గరి ఒక మామిడి నర్సరీలో నన్ను అంట్లు కట్టే మేస్త్రిగా పెట్టారు. అంతకుముందు అక్కడే సంచుల్లో మట్టి నింపేదాన్ని. దానికి ముందు సిరిసిల్లలో మరమగ్గాలకు దారం కండెలు చుట్టాను. మేస్త్రి అంటే కింద ఆరుగురు ఆడవాళ్లు, కట్టిన ప్రతి అంటుకూ జవాబు నాదే.

నాటు మొక్క తల కోసి, చీల్చి, అందులో చెక్కిన బంగినపల్లి పుల్లను దించి, ప్లాస్టిక్ పట్టీ చుడతాం. రెండూ అతికితే ఒకే చెట్టు. ఆ ఏడాది పట్టీలు అయిపోయాయి, జగిత్యాల నుంచి రావడానికి వారం అన్నారు. కోసిన పుల్ల వారం ఆగుతుందా? సిరిసిల్ల నుంచి పాలిస్టర్ దారం తెప్పించి, రెండు వందల మొక్కలకు చుట్టించి, పైన కవర్లు తొడిగించాను. "మగ్గం మీద తెగని దారం, మొక్క మీద తెగుతదా?" అని గొప్పలు కూడా పోయాను.

అన్నీ చిగురేశాయి. దసరా దాటాక పెగడపల్లి రైతు వచ్చి చూసి, మొత్తం తనకేనని, సోమవారం ట్రాక్టర్ పంపుతానని చెప్పి పోయాడు.

శనివారం నీళ్లు పడుతుంటే ఒక మొక్క చేతికి తగిలింది. దారానికి పైన కాండం ఉబ్బి ఉంది, కింద సన్నగా ఉంది. మొక్క లావెక్కితే పట్టీ సాగుతుంది. ఈ పాడు దారం సాగదు, కుళ్లదు. బెరడును కోసుకుంటూ దిగింది. పక్క మొక్కలు తడిమితే అన్నిటికీ అదే.

"ఆకు నవనవలాడుతాంది, నీకేం పుట్టిందే అక్కా?" అంది నాతో పనిచేసే రాజవ్వ.

ఆకు అట్లాగే ఉంటుంది మరి. వేళ్లు తాగిన నీళ్లు లోపలి కర్ర గుండా పైకి పోతాయి, ఆ దారి తెరిచే ఉంది. ఆకు వండిన తిండి బెరడు గుండా కిందికి దిగాలి. అది దారం దగ్గర ఆగిపోయింది. కింద వేళ్లు పస్తు. నాటిన తర్వాత ఎండలకు ఒక్కటీ మిగలదు. చెబితే నా పని పోతుంది, చెప్పకపోతే రైతు తోట పోతుంది.

నర్సరీ సారు దగ్గరికి పోయాను. "సారూ, తప్పు నాదే. లోడు పంపకుండ్రి."

"గింత పచ్చగుంటే ఎవడు నమ్ముతడు? సూపియ్యి."

సంచి చింపి మట్టి కడిగాను. వేళ్ల కొనలన్నీ గోధుమరంగు తిరిగాయి. సారు ఫోన్ తీసి రైతును నెల ఆగమన్నారు. "నువ్వే కట్టినవ్, నువ్వే కాపాడు," అన్నారు నాతో.

బ్లేళ్లతో ఒక్కొక్క దారమే కోశాం. "సీర నేసినవా, అంటు కట్టినవా?" అని రాజవ్వ తిడుతూనే కోసింది. మొక్కలను నీడలోకి మార్చి, నీళ్లు తగ్గించాను.

నెలకు మళ్లీ ఒక సంచి విప్పాం. మట్టి అంచున సేమియా లాంటి తెల్ల వేళ్లు. "అచ్చినయే అక్కా!" అని రాజవ్వ అరిచింది. ఆ పూట కడుపునిండా తిన్నాను. కొన్ని మొక్కలు పోయాయి. మిగిలినవి ట్రాక్టర్ ఎక్కాయి. నడుము సహకరించక మానేసేదాకా నేను మేస్త్రిగానే ఉన్నాను.

పచ్చని ఆకు నీళ్లు అందుతున్నాయని మాత్రమే చెబుతుంది. వేరుకు తిండి అందుతున్నదా అన్నది కట్టు మీద వేలు పెట్టి తడిమితేనే తెలుస్తుంది. ఆ ఏడాది నుంచి వారానికోసారి ప్రతి కట్టునూ తడిమి చూశాకే మొక్కను లోడుకు వదిలాను.