అద్దాల గదిలోకి వచ్చిన బెల్లం

దయ్యాలను నేను నమ్మను. ఇది జరిగిన తరువాత కూడా ఆ మాటను వెనక్కి తీసుకోలేదు. రోగుల నమూనాల నుంచి సూక్ష్మక్రిములను పెంచి గుర్తించడం నా వృత్తి. ఎవరైనా ఒక విషయం చెబితే, అది తప్పని రుజువు చేయడానికే ముందు ప్రయత్నిస్తాను.

నేను పనిచేసే హనుమకొండ ఆసుపత్రి పేరు ఇక్కడ అనవసరం. రక్త క్యాన్సర్ చికిత్సలో తెల్లకణాలు అడుగంటిన రోగుల కోసం అక్కడ ఒక అద్దాల గది ఉంది. రెండు తలుపులు, వడకట్టిన గాలి, బాగా ఉడికించిన తిండి. మనకు కనీసం జలుబైనా తెప్పించని బూజు ఆ గదిలోని మనిషిని చంపగలదు.

మొదట అక్కడ ములుగు వైపు పల్లె నుంచి వచ్చిన ఒక యువకుడు ఉండేవాడు. అతని నాయనమ్మకు గౌను తొడిగి ఒక్కసారి లోపలికి పంపారు. అమ్మవార్లకు మొక్కిన బెల్లాన్ని మా ప్రాంతంలో బంగారం అంటారు. దాన్ని ఆమె నడుమున దోపుకొని తీసుకెళ్లి మనవడి నోట్లో పెట్టింది. అతని పేగులో పెరిగిన బూజు, ఆమె దగ్గర మిగిలిన బెల్లంలోని బూజు ఒకటేనని పరీక్షలో తేలింది. అతడు దక్కలేదు.

ఆ నిజం ఆమెకు చెప్పవద్దని వైద్యుడు నిర్ణయించాడు. "జర ముందుగాల పెడితే బతుకునేమో" అని ఏడుస్తూ ఆమె వెళ్లిపోయింది. అప్పటినుంచి బంధువులు అద్దం అవతలే నిలబడి ఫోన్‌లో మాట్లాడుతున్నారు.

చాలా కాలానికి ఆ గదిలోకి నెక్కొండ ఆటో డ్రైవర్ సమ్మయ్య వచ్చాడు. తమ్ముడు ఇచ్చిన ఎముక మూలుగ అతని ఒంట్లో అప్పుడప్పుడే కుదురుకుంటోంది. మరికొన్నాళ్లు ఏ క్రిమీ సోకకపోతే ఇంటికి వెళ్తాడు. భార్య రజిత అద్దం దగ్గరి నుంచి కదిలేది కాదు.

ఒక మధ్యాహ్నం సమ్మయ్యను ఫోన్‌లో ఎలా ఉందని అడిగాను.

"మంచిగనే ఉన్న మేడం. మీ చప్పిడి కూడు తిని నాలుక సచ్చింది. ఆ అవ్వ నయం, జర బంగారం పెట్టింది."

"ఏ అవ్వ?"

"గా మూలకు కూసుంటది గదా. మీరే పంపిన్రనుకున్న. 'నా మనుమనికి లేటుగ పెట్టిన, నువ్వన్న ముందుగాల తిను బిడ్డా' అంటాంది."

పాత రోగి సంగతి అతనికి ఎవరూ చెప్పలేదని విచారించి తెలుసుకున్నాను. జ్వరపు భ్రమ అనుకుందామంటే అతనికి జ్వరం లేదు. గౌను వేసుకొని లోపలికి వెళ్లాను. అతని పళ్ల సందుల్లో గోధుమరంగు జిగురు ఉంది. దూదిపుల్లతో తీసి పరీక్షించాను. బెల్లమే.

కెమెరా దృశ్యాలను నర్సుతో కలిసి చూశాను. ఆ మూల ఖాళీగానే ఉంది. సమ్మయ్య మాత్రం అటు తిరిగి, చంటిబిడ్డలా నోరు తెరిచి, నెమ్మదిగా నమిలాడు. రజిత ఏ దృశ్యంలోనూ రెండో తలుపు దాటలేదు.

ఆ యువకుడి నాయనమ్మ ఇంటికి ఫోన్ చేశాను. "అమ్మ పోయి ఏడాది దాటె మేడం" అన్నాడు ఆమె కొడుకు.

బూజును చంపే మందులు వెంటనే మొదలుపెట్టాం. అయినా సమ్మయ్య కడుపు ఉబ్బింది, పేగు నల్లబడింది. స్పృహ ఉన్నంతసేపూ నొప్పితో అరిచాడు. రజిత అద్దానికి నుదురు ఆనించి అన్నీ చూసింది.

అతని పేగులోని బూజు జన్యుక్రమం, మేము భద్రపరిచిన ఆ యువకుడి బూజు జన్యుక్రమం ఒకటే. ముందుగా నా ప్రయోగశాలనే అనుమానించాను. రోగి పేరు చెప్పకుండా వేరే ఊరి ప్రయోగశాలకు నమూనా పంపితే అదే ఫలితం వచ్చింది. గది గాలిలోనూ నీళ్లలోనూ ఆ బూజు జాడ లేదు. ఇంకా ఏం పరీక్షించాలో నాకు తోచలేదు.

చనిపోయిన భర్త బట్టలు తీసుకోవడానికి వచ్చిన రోజు రజిత నా గదిలోకి వచ్చింది.

"ఆయన నోట్లె ఒక్క ముద్ద పెట్టనియ్యలేదు మీరు" అంది మెల్లగా. "ఆ అవ్వనన్న ప్రేమతోటి పెట్టింది. ఆఖరుదాంక ఆమెనే తలిచిండు. ఏ ఊరామె మేడం? పోయి కాళ్లు మొక్కొస్త."

తెలియదన్నాను. అది అబద్ధమో నిజమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.