మంచం మీద మోకరిల్లిన నబోసా

మా కంపాలా గుండె వార్డులో నర్సు నబోసా చేతికి పేరుంది. తొడ దగ్గరి రక్తనాళంలోంచి గుండెకు పంపిన గొట్టం బయటికి తీశాక రక్తం ఆగకపోతే, డాక్టర్లు కూడా ఆవిడకే కబురు పెడతారు. ఆ పట్టు నర్సు చదువుతో రాలేదు. అరిటాకుల్లో ఉడికిన మటోకె అరటికాయల్ని పొగలు కక్కుతుండగానే చిన్నప్పటి నుంచి అదిమీ అదిమీ వచ్చింది. గొప్పలు చెప్పుకోవడంలోనూ ఆవిడకు సాటి లేరు, అది వేరే సంగతి.

ఆ మంగళవారం కుట్టుపని చేసే నన్సాంబాకు గొట్టం తీశారు. "ఆరు గంటలు కాలు మడవకు. మడిచావో, నేనే విరగ్గొడతా" అని నబోసా ముద్దుగా చెప్పింది. నాలుగో గంటలో నన్సాంబా మామగారు సెబోవా కర్ర టకటకలాడిస్తూ వచ్చాడు. మా బుగాండాలో ఆడవాళ్ళు పెద్దవాళ్ళను మోకరిల్లే పలకరించాలి. మామగారిని కోడలు పడుకుని పలకరించడమా! ఆ పిచ్చి తల్లి మంచం దిగి మోకరిల్లింది. అంతే, తొడ మీద నిమ్మకాయంత ఉబ్బు లేచింది.

నబోసా, తోటి నర్సునైన నేను కలిసి ఆమెను మంచం మీదికి చేర్చాం. నబోసా రెండు చేతులతో గాటు పైన అదిమింది. లోపల రక్తనాళం కారుతోంది. పట్టు వదిలితే ప్రాణానికి ముప్పు, మరీ బిగిస్తే కాలికి ముప్పు. నేను పాదం దగ్గర నాడి పట్టుకున్నాను. అది తగ్గితే వెంటనే నబోసాకు చెప్పాలి.

"ఎవరే నువ్వు? పెద్దమనిషి వస్తే నిలబడే ఉంటావా?" అన్నాడు సెబోవా నబోసాతో. కోడలి తొడ కనబడగానే గబుక్కున గోడవైపు తిరిగాడు కానీ, తిట్టడం మాత్రం ఆపలేదు.

నబోసా పట్టు సడలకుండా మంచమెక్కి మోకరిల్లింది. అలాగైతే బరువు బాగా పడుతుంది కూడా.

"ఇదిగో, మోకరిల్లా తాతగారూ! ఇంట్లో అంతా బాగున్నారా?"

"ఊఁ."

"అరటితోట?"

"ఊఁ."

"మేకలు? మేకపిల్లలు?"

మా పలకరింపులకు అంతూ పొంతూ ఉండదు. ఇరుగుపొరుగు అయ్యారు, కోళ్ళ దగ్గరికి వచ్చింది.

"చాల్లేవే తల్లీ!"

"మర్యాద కావాలన్నారుగా, ఇంకా పది నిమిషాలు అదమాలి."

కాసేపటికి ఆయన గోడతోనే మెల్లగా అడిగాడు: "నా కోడలు బతుకుద్దా?"

నబోసా కూడా గొంతు తగ్గించింది. "నా చెయ్యి ఇక్కడుండగా ఎక్కడికి పోతుంది తాతగారూ?"

ఇరవై నిమిషాలకు చెయ్యి తీసింది. ఉబ్బు మళ్ళీ లేవలేదు. డాక్టరు వచ్చి స్కానింగ్ తెర మీద చూసి, కారడం ఆగిందన్నాడు. నా వేలి కింద పాదం నాడి టకటకా కొట్టుకుంటోంది. నాకు ఏడుపొచ్చింది.

"ఇక లేవమ్మా" అన్నాడు సెబోవా.

"ఎక్కడ లేచేది! మోకాళ్ళు పట్టేశాయి."

ముసలాయన మొహం తిప్పకుండానే చేతికర్రను వెనక్కి చాచాడు. "పట్టుకో. ఆ పిచ్చిదానికి చెప్పు, ఇకమీదట నన్ను పడుకునే పలకరించమని."