నాలుగు ముడుల తాడు

నీటి కార్యాలయంలో ఆయన్ని అందరూ తాడు బాబాయి అంటారు. ఇరవై రెండేళ్లుగా నెలనెలా కొలత బావిలోకి ఇనప గుండు కట్టిన తాడు వదిలి, నీళ్లు ఎంత లోతున ఉన్నాయో రాసుకొస్తాడు. ఆయన ఒళ్లు మండించేది ఆ రిపోర్టు కాగితం. అందులో గడులు రెండే: పోయిన నెల, ఈ నెల. ఇన్నేళ్ల బావిని ఆ రెండు గడుల్లో ఎలా కుక్కాలో కాగితం అచ్చేసినవాడికే తెలియాలి.

ఈ నెల వానలు పడ్డాయి. కొత్త ఆఫీసరు కాగితం చూసి మురిసిపోయాడు.

"నీళ్లు రెండడుగులు పైకొచ్చాయి బాబాయ్. పరిస్థితి మెరుగైనట్టే."

"వానకి ఏటా వస్తాయి సార్, ఎండలకి అంతకంటే ఎక్కువే దిగిపోతాయి. అన్నేళ్లదీ కలిపి చూడమని మీకంటే ముందొచ్చిన ముగ్గురికీ చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది."

"అన్నేళ్లది రాయడానికి ఇందులో గడి లేదుగా."

బాబాయి ఇక ఆగలేక తాడు తెచ్చి బల్ల మీద పడేశాడు. దానికి నాలుగు ముడులున్నాయి.

"నేను చేరినప్పుడు ఒక్క ముడీ లేదు సార్. నీళ్లు అందనప్పుడల్లా ఇంకో ముక్క ముడేస్తూ వచ్చాను. ఇప్పుడు చెప్పండి."

ఆఫీసరు ముడులు నాలుగూ తడిమి చూశాడు. జాలిగా తలాడించి కలం తీశాడు.

"నిజమే బాబాయ్, బాగా పాతబడిపోయింది. కొత్త తాడుకి రాసేస్తాను."